సంగటి ముద్ద కొలత

మా చిత్తూరు పల్లెల్లో ఎవరికైనా షుగర్ బయటపడిందని తెలిస్తే, ఇరుగుపొరుగువారు మొదట చెప్పే మాట "అన్నం మానేసి సంగటి తిను, అదే తగ్గిపోతుంది" అన్నదే. నేను ఆ మాటను పూర్తిగా నమ్మాను. మూడు నెలల పాటు రాత్రిపూట అన్నం ముట్టకుండా, రోజుకు రెండు ముద్దల రాగి సంగటి తృప్తిగా తిన్నాను. ఆ తర్వాత చేయించిన రక్తపరీక్షలో అంకె ఉన్నచోటనే ఉంది. అది ఎందుకు కదలలేదో తెలుసుకోవడానికి నాకు మరికొన్ని నెలలు పట్టింది. నాలాగే పొరపడుతున్నవారు మా జిల్లాలో చాలామంది ఉన్నారని మాటల్లో తెలిసింది కనుక, ఆ మొత్తం సంగతిని ఓపికగా రాయాలనిపించింది.

నేను తిరుపతిలో ఒక డిగ్రీ కళాశాలలో పాఠాలు చెబుతాను. వయసు నలభై ఆరు. చూసేవారికి లావుగా కనిపించను కానీ, నడుము చుట్టుకొలత 97 సెంటీమీటర్లు ఉండేది. మన దేశపు మగవారికి అది 90 దాటకూడదని, ఆడవారికి 80 దాటకూడదని, కాళ్ళూ చేతులూ సన్నగా ఉండి పొట్ట దగ్గర మాత్రమే కొవ్వు చేరే శరీరాలు మన దగ్గర ఎక్కువని, షుగర్‌కు దారితీసేది ముఖ్యంగా ఆ పొట్టకొవ్వేనని నాకు అప్పటికి తెలియదు. పోయిన ఏడాది ఆగస్టులో వేరే పని మీద చేయించిన పరీక్షల్లో పరగడుపు చక్కెర 112, గడిచిన రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చాయి. మా వైపు దీన్ని "బార్డర్‌లో ఉంది" అంటారు. పరగడుపున 100 నుంచి 125 మిల్లీగ్రాముల మధ్య ఉన్నా, హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉన్నా దాన్ని మధుమేహానికి ముందు దశగా లెక్కిస్తారు. ఆ పైన ఉంటే మధుమేహమే. బార్డర్ అనే మాట విన్న కొందరు ఇంకా ఏమీ కాలేదని నిశ్చింతగా ఉండిపోతారు, మరికొందరు అంతా అయిపోయిందని కుంగిపోతారు. నాకు మాత్రం మా నాయన కళ్ళ ముందు మెదిలారు. ఇరవై ఏళ్ళు షుగర్‌తో గడిపిన ఆయన, చివరి రోజుల్లో ఎడమ పాదానికైన పుండు మానక రెండు వేళ్ళు పోగొట్టుకున్నారు. ఆ పుండుకు కట్టు మార్చింది నేనే కనుక, నా చేతిలోని కాగితాన్ని తేలిగ్గా తీసుకోవడం నా వల్ల కాలేదు.

నన్ను చూసిన డాక్టరు గారు మొదట హిమోగ్లోబిన్ ఎంతుందో చూశారు. హెచ్‌బీఏ1సీ అంటే ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కు ఎంత చక్కెర అంటుకుందో చెప్పే కొలత అని, ఆ కణాలు సుమారు 120 రోజులు బతుకుతాయి కనుక అది గడిచిన రెండు మూడు నెలల సగటును చూపిస్తుందని వివరించారు. రక్తహీనత ఉన్నవారిలో ఈ అంకె తప్పుదారి పట్టించవచ్చని, ముఖ్యంగా ఇనుము తక్కువైనప్పుడు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించవచ్చని కూడా చెప్పారు. మన ఇళ్ళల్లో ఆడవారికి ఇనుము లోటు ఎక్కువ కనుక ఈ ఒక్క మాట చాలామందికి పనికివస్తుంది. నాకు ఆ లోటు లేదు, కాబట్టి 6.1 నిజమైన అంకే.

ఈ దశలో జాగ్రత్తపడితే ఫలితం ఉంటుందా అన్న అనుమానం నాకుండేది. దానికి మన పక్కనే సమాధానం ఉంది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం ఇలాంటి ముందు దశలో ఉన్న 531 మందిని దాదాపు మూడేళ్ళు గమనించి, 2006లో ఫలితాలు ప్రకటించింది. మామూలు సలహాతో వదిలేసినవారిలో నూటికి 55 మందికి మధుమేహం వచ్చింది. తిండినీ నడకనూ పట్టుదలగా మార్చుకున్నవారిలో అది నూటికి 39 దగ్గర ఆగింది. అమెరికాలో 2002లో వెలువడిన పెద్ద అధ్యయనంలో ఇదే మార్పు ముప్పును 58 శాతం తగ్గించింది. మన వారిలో తగ్గుదల అంతకంటే తక్కువే అయినా, మూడేళ్ళలోనే నూటికి పదహారు మంది బయటపడ్డారంటే అది నాకు చిన్న విషయంగా తోచలేదు.

తిండి ఎలా మార్చుకోవాలన్నది మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఒక ఆసుపత్రిలో నాకు అచ్చువేసిన కాగితం ఒకటి ఇచ్చారు. అందులో ఉదయం ఓట్స్, మధ్యాహ్నం మూడు చపాతీలు, సాయంత్రం యాపిల్ ముక్కలు, రాత్రి మళ్ళీ చపాతీలు ఉన్నాయి. సంగటి లేదు, ఉలవలు లేవు, చిక్కుడు జాతి అనపగింజలు లేవు, మా పెరట్లో మొలిచే ఆకుకూర ఒక్కటీ లేదు. ఆ కాగితం రాసినవారికి చిత్తూరు జిల్లాలో మనుషులు ఏం తింటారో తెలుసుకోవాలన్న ఆలోచన రాలేదన్నది నా బాధ. రోగి ఇంట్లో వండే కూడు ఏమిటో అడగకుండా ఇచ్చే పథ్యం నాలుగు రోజులకంటే నిలవదు. నా విషయంలో అది తొమ్మిది రోజులు నిలిచింది. అప్పుడే ఊరివాళ్ళ మాట పట్టుకుని సంగటికి మారాను.

సంగటి సంగతి కొంచెం విడమరచి చెప్పాలి. మా ఇంట్లో అమ్మ సంగటి చేసే పద్ధతి అందరిదీ లాంటిదే. ఎసరు మరిగాక బియ్యపు నూకలు వేసి మెత్తగా ఉడికిస్తుంది, దాని మీద రాగి పిండిని గుట్టగా పోసి మూతపెట్టి సన్న మంట మీద మగ్గనిస్తుంది, తరువాత తెడ్డుతో ఉండలు లేకుండా గట్టిగా కలిపి, తడి చేత్తో ముద్దలు చేస్తుంది. నవంబరులో రెండో పరీక్షలోనూ హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చిన రోజు రాత్రి, నేను వంటింట్లో కాటా పెట్టుకుని కూర్చున్నాను. మూడు ముద్దలకు అమ్మ వేసింది 180 గ్రాముల నూకలు, 150 గ్రాముల రాగి పిండి. అంటే నేను రాగి సంగటి అనుకుంటున్న దానిలో సగానికి పైగా బియ్యమే. బియ్యంలో నూటికి 78 గ్రాములు, రాగుల్లో నూటికి 67 గ్రాములు పిండిపదార్థమే కనుక, లెక్క కడితే ఒక్కో ముద్దలో దాదాపు 80 గ్రాముల పిండిపదార్థం తేలింది. రెండు ముద్దలకు 160. అంతకుముందు రాత్రిపూట తినే అన్నాన్ని కూడా అమ్మ చేతే కొలిపించి చూస్తే, అందులో 120 గ్రాములు దాటలేదు. షుగర్ తగ్గడానికని అన్నం మానేసి, అన్నం కంటే ఎక్కువ పిండిపదార్థాన్ని మూడు నెలలు తిన్నానన్నమాట.

ఇది రాగుల తప్పు కాదు. వంద గ్రాముల రాగుల్లో 11 గ్రాముల పీచు ఉంటుంది, పాలిష్ బియ్యంలో మూడు గ్రాములు కూడా ఉండదు. కాల్షియం రాగుల్లో 364 మిల్లీగ్రాములు ఉంటే, బియ్యంలో పదికి లోపే. కానీ మెత్తగా మరపట్టించిన పిండి త్వరగా అరుగుతుంది. పైగా సంగటిని నమలరు, పులుసులో ముంచి మింగుతారు. పది నిమిషాల్లో ముద్ద అయిపోతుంది, కడుపు నిండిన కబురు మెదడుకు చేరేలోగా రెండో ముద్ద కంచంలో పడుతుంది. మా తాతలు ఆ రెండు ముద్దలు తిని మడక దున్నారు, ఎద్దులతో కపిల తోలి బావి నీళ్ళు తోడారు, సాయంత్రం దాకా ఎండలో నిలబడ్డారు. నేను రెండు ముద్దలు తిని పరీక్ష పేపర్లు దిద్దుతూ కూర్చున్నాను. అదే తిండి వారి కండరాల్లో ఖర్చయ్యింది, నా పొట్ట చుట్టూ నిలవ ఉండిపోయింది.

ఆ రాత్రి తర్వాత నేను చేసిన మొదటి పని ఒక గ్లూకోమీటరు కొనడం. దీన్ని వాడే విషయంలో నేను నేర్చుకున్న పాఠం ఒకటి చెప్పాలి. మామిడికాయల కాలంలో ఒక సాయంత్రం, ఇంట్లో అందరికీ బంగినపల్లి పండ్లు కోసిచ్చి, చేతులు తువాలుకు తుడుచుకుని, వేలు పొడిచి చూసుకుంటే 241 వచ్చింది. గుండె జారినంత పనయ్యింది. ఐదు నిమిషాల తర్వాత సబ్బుతో చేతులు కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, వేరే వేలు మీద చూస్తే 128. వేలికొసన మిగిలిన మామిడి రసమే ఆ అంకెను తెచ్చింది. అందుకే సబ్బు, నీళ్ళు, పొడి తువాలు తప్పనిసరి. వేలి మధ్యలో కాక పక్కన పొడిస్తే నొప్పి తక్కువ. ఆ మీటరు చూపే అంకె ల్యాబు అంకెకు 15 శాతం వరకు అటూఇటూ ఉండవచ్చు కనుక, దాన్ని బట్టి జబ్బు ఉందని కానీ లేదని కానీ తేల్చకూడదు. ఒకే మనిషి, ఒకే మీటరుతో, ఈ తిండికీ ఆ తిండికీ తేడా చూసుకోవడానికి మాత్రం అది చక్కగా పనిచేస్తుంది. తిన్నాక చక్కెర చూసుకోవాలంటే, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న క్షణం నుంచి రెండు గంటలు లెక్కపెట్టి చూడాలి, తిని చేయి కడుక్కున్న క్షణం నుంచి కాదు.

రెండు ముద్దలూ కోడి పులుసూ తిన్న రాత్రి రెండు గంటలకు 186 వచ్చింది. మరో మూడు రాత్రులు చూసినా 170కి తగ్గలేదు. అప్పుడు అమ్మతో మాట్లాడాను. పలమనేరు దాటి కర్ణాటక వైపు వెళితే రాగి ముద్దలో బియ్యమే వేయరు కదా, మనమూ నూకలు తగ్గించి చూద్దామని అడిగాను. ముద్దకు 15 గ్రాముల నూకలు, 35 గ్రాముల పిండి చొప్పున చేయించాను. నిమ్మకాయంత కాకపోయినా, బత్తాయి పండంత ముద్ద వచ్చింది. కంచంలో దాన్ని చూసి అమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఏం నాయనా, ఇంత ముద్దతో రాత్రంతా ఎట్లుంటావు? పస్తుండమని చెప్పినాడా డాక్టరు?" అని అడిగింది.

"పస్తు లేదమ్మా. ముద్ద తగ్గించి కూర పెంచు. గిన్నెడు వేసుకునే కూర రెండు గిన్నెలు వెయ్యి" అన్నాను.

ఆ మాట అమ్మకు పట్టుబడింది. బిడ్డకు తక్కువ పెట్టడం ఏ తల్లికీ చేతకాదు, కానీ ఇంకొకటి ఎక్కువ పెట్టమంటే చేతులు వాటంతటవే కదులుతాయి. ఇంట్లో తిండి మార్చాలనుకునేవారు వండే మనిషితో "ఇది వద్దు" అని మొదలుపెట్టకూడదని నాకు ఆ రాత్రే అర్థమయ్యింది.

అప్పటికి అనపకాయల కాలం మొదలవుతోంది. చిత్తూరు మనిషికి అనపకాయలు అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. మంచు పడే రోజుల్లో అనపగింజల వాసన చేతికి అంటుకుంటే కడుక్కున్నా పోదు. గింజలు ఒలిచి, రాత్రి నీళ్ళలో నానబెట్టి, తెల్లవారి ఒక్కొక్క గింజనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కితే, తొక్క చేతిలో మిగిలి పప్పు బద్ద ఎగిరి గిన్నెలో పడుతుంది. ఆ పితికిపప్పుతో చేసే పులుసు సంగటికి మా వైపు అసలైన జత. ఇదివరకు ముద్దకు అద్దుకోవడానికి వేసుకునే ఆ పులుసును, ఇప్పుడు నేను నిండు గిన్నెతో పప్పు తేలేలా తింటున్నాను. తొక్కలో పీచు ఎక్కువ కనుక వారంలో రెండు రోజులు పితకకుండా గింజలను అలాగే ఉడికించి గుగ్గిళ్ళు చేయిస్తాను. కాలం అయిపోయాక ఉలవలు, అలసందలు, పెసలు ఆ స్థానంలోకి వచ్చాయి. ఉలవల్లో వంద గ్రాములకు 20 గ్రాములకు పైగా మాంసకృత్తులు ఉన్నాయి. కాడెద్దులకు పెట్టే గింజ అని చిన్నచూపు చూసినవాళ్ళం, అది మన కంచంలోనూ ఉండదగినదని ఇంత ఆలస్యంగా గ్రహించవలసి వచ్చింది.

తినే వరుస కూడా మార్చాను. మొదట సిర్రాకో చెంచలాకో వేపుడు, దాంతో పాటు దోసకాయ, ముల్లంగి ముక్కలు. తరువాత పప్పు గింజలు లేదా గుడ్డు. చివరికి ముద్ద. పీచూ మాంసకృత్తులూ ముందు కడుపులోకి వెళితే, వెనుక వచ్చే పిండిపదార్థం నెమ్మదిగా అరిగి, చక్కెర ఒక్కసారిగా పైకి లేవదు. ఈ పద్ధతిలో చిన్న ముద్ద, రెండు గిన్నెల పితికిపప్పు, ఆకుకూర తిన్న రాత్రి 134 వచ్చింది. ఒక్క రాత్రి అంకెతో సంతోషపడకూడదని మరో నాలుగు రాత్రులు చూశాను. 140 దాటలేదు. ఆకలి వేస్తుందేమోనని భయపడ్డాను కానీ, రెండు ముద్దలు తిన్న రోజుల్లో పదకొండింటికి వేసే ఆకలి ఇప్పుడు వేయడం లేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనల్లో, రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదని చెప్పింది. బియ్యమైనా, రాగులైనా, కొర్రలైనా అన్నీ ఆ 45లోకే వస్తాయి. చిరుధాన్యాల పేరు చెప్పి ఎంతైనా తినవచ్చనే ప్రచారం విన్నప్పుడల్లా నాకు ఆ కాటా గుర్తుకు వస్తుంది.

ఉదయపు టిఫిను విషయంలో పెద్దగా చెప్పడానికి లేదు. నాలుగు ఇడ్లీలు రెండయ్యాయి, పక్కన రెండు గుడ్లు వచ్చాయి. కొన్ని రోజులు పెసరట్టు. తిరుపతి హోటళ్ళలో దొరికే నేతి పొంగలి మాత్రం పూర్తిగా మానేశాను, దాని మీద మనసు ఉన్నా.

బెల్లం గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. చిత్తూరు బెల్లం మండీ పేరున్న మండీ. మా మేనమామ వాళ్ళు తరతరాలుగా చెరకు పండించి బెల్లం వండినవాళ్ళు. బెల్లం చక్కెర కాదని, షుగర్ ఉన్నవారికి బెల్లం కాఫీ మంచిదని మా బంధువుల్లో గట్టి నమ్మకం. బెల్లంలో కొద్దిగా ఇనుము, ఇతర లవణాలు ఉండవచ్చు, కానీ దాని బరువులో అధికభాగం అదే చెరకు చక్కెర, రక్తంలోకి చేరాక శరీరం రెండింటినీ వేరుచేసి చూడదు. మా మామకు ఈ మాట చెప్పడానికి నాకు చాలా రోజులు ధైర్యం చాలలేదు. ఆయనకు పరగడుపున 180 ఉన్నట్టు తెలిశాక చెప్పక తప్పలేదు. ఆయన కొంచెంసేపు మౌనంగా ఉండి, "మనం వండే సరుకే మనకు పడకుంటే ఎట్లప్పా" అన్నారు. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు.

మామిడి మానలేదు. జిల్లాలో తోతాపురి చాలావరకు గుజ్జు ఫ్యాక్టరీలకే పోతుంది, ఇంట్లో తినడానికి బంగినపల్లి, ఇమాం పసంద్ వస్తాయి. వంద గ్రాముల పండులో సుమారు 15 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. భోజనం ముగించి దాని మీద రెండు పండ్లు తినడం మా ఇంటి అలవాటు. ఇప్పుడు సాయంత్రం నాలుగు గంటలకు, మరే తిండీ లేకుండా, గుప్పెడు చెనక్కాయలతో కలిపి అర పండు తింటాను. రసం తీసుకుని తాగడం పూర్తిగా మానేశాను. ఇక తిరుపతిలో ఉండేవారికి లడ్డూ గురించి వేరే ఆలోచన తప్పదు. ఇంటికి వచ్చే బంధువులెవరైనా కొండకు వెళ్ళి వచ్చేవారే. దాదాపు 175 గ్రాముల లడ్డూను చేతిలో పెట్టినప్పుడు వద్దనడం నా వల్ల కాదు, అనవలసిన అవసరమూ లేదు. కళ్ళకద్దుకుని, శనగ బద్దంత తుంచి నోట్లో వేసుకుని, మిగిలినది ఇంటిల్లిపాదికీ, మేడ మీద అద్దెకుండే పిల్లలకూ పంచుతాను. ప్రసాదం ఎంత తింటే అంత పుణ్యమని శాస్త్రం ఎక్కడా చెప్పినట్టు నేను వినలేదు.

రాత్రి భోజనం కాగానే ఇరవై నిమిషాలు నడుస్తాను. పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే రక్తంలోని చక్కెరను లాక్కుంటుంది కనుక, తెల్లవారుజామున చేసే నడక కంటే ఆ రెండు గంటల అంకె మీద దీని ప్రభావం ఎక్కువగా కనిపించింది. నెలకొకసారి తిరుమల కొండకు కాలినడక దారి అయిన శ్రీవారి మెట్టు ఎక్కుతాను. మొదటిసారి ఆ 2,388 మెట్లు ఎక్కడానికి నాకు రెండున్నర గంటలు పట్టింది.

ఇవన్నీ మందులు వాడనివాడి అనుభవాలని చదివేవారు గుర్తుంచుకోవాలి. ఇన్సులిన్ కానీ, చక్కెరను బాగా దించే మాత్రలు కానీ వాడుతున్నవారు ముద్దను ఒక్కసారిగా సగం చేస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. వారు డాక్టరును అడిగి, మందు మోతాదు సరిచేయించుకున్నాకే తిండి తగ్గించాలి. ముందు దశలోనే కొందరికి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర అవసరమని డాక్టరు నిర్ణయించవచ్చు, అందులో తలవంపులు ఏమీ లేవు.

మార్చిలో హెచ్‌బీఏ1సీ 5.8కి వచ్చింది. ఈ ఆగస్టులో 5.7, పరగడుపున 101. బరువు 76 కిలోల నుంచి 71కి తగ్గింది, నడుము 97 నుంచి 91కి వచ్చింది. అంటే నేను ఇంకా ఆ బార్డర్ లోపలే, గీత పక్కనే ఉన్నాను. మొదట్లో ఇది నిరాశ కలిగించింది, కానీ డాక్టరు గారు నాయన చరిత్రను గుర్తుచేసి, ఈ అంకెను పెరగనీయకపోవడమే పెద్ద పని అన్నారు. ఆరు నెలలకొకసారి పరీక్ష చేయించుకోమన్నారు. వచ్చే పరీక్ష ఫిబ్రవరిలో. ఈలోగా అనపకాయలు మళ్ళీ వస్తాయి. అమ్మ ఇప్పుడు ముద్ద కోసం ఒక చిన్న స్టీలు గిన్నెను ప్రత్యేకంగా పెట్టుకుంది. సంగటిని అందులో అదిమి, కంచంలో బోర్లించి, "ఇదేనా కొలత?" అని ప్రతి రాత్రీ అడుగుతుంది. పోయిన నెల నుంచి తన ముద్దకూ అదే గిన్నె వాడుతోంది.